పాల కేంద్రం ఎక్సెల్ షీట్‌లో ఎస్‌ఎన్‌ఎఫ్ తక్కువ, మిషనులో ఎక్కువ. తప్పు ఎక్కడ?

పరకాల_పాలు
అన్నలకు, అక్కలకు నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. 58 మంది పోసే చిన్న పాల కేంద్రం నేనే నడుపుతున్నా. మొన్నటిదాకా సాంద్రత లాక్టోమీటర్‌తో, కొవ్వు గెర్బర్ గొట్టాలతోనే చూసేవాళ్లం, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాకుండా పాలలో ఉండే మిగతా గట్టి పదార్థం) లెక్కకు ఎక్సెల్‌లో షీట్ నేనే చేసుకున్నా. పోయిన నెల పాల పరీక్ష మిషను తెచ్చాం, అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఒకే బర్రె పాలు, ఫ్యాట్ రెండు తీర్లా 6.5 వస్తోంది, ఎస్‌ఎన్‌ఎఫ్ మాత్రం మిషనులో 9.1, నా షీట్‌లో 8.5. ఇవాళ పొద్దున రీడింగ్ ఇదీ: లాక్టోమీటర్ 27, పాల వేడి 33 డిగ్రీలు, లాక్టోమీటర్ కాడ మీద 27 సెంటీగ్రేడ్ అని రాసి ఉంది, అంటే ఆ వేడి దగ్గరే అది సరిగ్గా చూపుతుంది. సూత్రం అందరూ వాడేదే, సీఎల్‌ఆర్‌లో (పాల వేడికి తగ్గట్టు దిద్దిన లాక్టోమీటర్ రీడింగ్) నాలుగో వంతు, ఫ్యాట్‌కు 0.25 రెట్లు, పైన 0.44. ఇంకో సంగతి, డిసెంబరులో దీనికి ఉల్టా ఉండేది. మేం పాలు పంపే చిల్లింగ్ సెంటర్ చీటీ కంటే నా షీటే ఎక్కువ చూపేది.
ఇంకో రెండు అడగాలి. రైతు లీటర్లలో పోస్తాడు, చిల్లింగ్ సెంటర్ కిలోల్లో తీసుకుంటుంది, షీట్‌లో ఎక్కడ మార్చాలి? మిషను లోపలి గొట్టం మీరు రోజూ దేనితో కడుగుతున్నారు?

చొప్పకట్ట
షీట్ సంగతి తర్వాత తమ్మీ. 8.5 అని చెప్పి ఎంతమందికి రేటు కోశావో ముందు అది చెప్పు. నాకు ఇదే జరిగింది. నాలుగేళ్ల కింద మే నెలలో మా ఊరి కేంద్రంలో లాక్టోమీటర్ 24 చూపిందని నలభై మంది ముందర నన్ను నీళ్లు కలిపేవాడిని చేశారు. అప్పుడే పిండి, గిన్నె చల్లారకుండా తెచ్చిన పాలు, నురుగు కూడా దిగలేదు. మా అవ్వ ఆ రోజు అన్నం తినలేదు. మూడు తరాలుగా బర్రెలు కాస్తున్న ఇల్లు మాది.

ల్యాబ్‌మామ
22 ఏళ్లు డెయిరీ ల్యాబులో చేసి రిటైరైన మనిషిని. ఈ లెక్కలు నాకు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. తమ్ముడూ, నీ సూత్రం సరైనదే. 0.25, 0.44 అనేవి 27 డిగ్రీల లాక్టోమీటర్‌కు మన దేశంలో పెట్టుకున్న అంకెలు. అసలు సూత్రం ఇంగ్లండు కెమిస్టు రిచ్‌మండ్ది, ఆయనది 60 ఫారన్‌హీట్ లెక్క, అందులో 0.2, 0.14 ఉంటాయి. చల్లటి దేశపు అంకెలు తెచ్చి పరకాల ఎండలో పెడితే కుదరదు. ముందు నీ పని తీరు సరిచూసుకో. జాడీ అంచుదాకా నిండి పొర్లాలి. లాక్టోమీటర్ గోడకు తగలకూడదు. పాలు తెల్లగా ఉంటాయి కాబట్టి నీళ్లలోలాగా కింది అంచు కనబడదు, పై అంచే చదవాలి. నూటికి తొంభై మంది ఇక్కడే తప్పుతారు.

జమ్మికుంట_రైతు
సార్, 0.44 అందరూ వాడేదే అయితే మా దగ్గర పాలు కొనే ప్రైవేటు వాళ్లు 0.2, 0.36 ఎందుకు వాడుతున్నారు? నా దగ్గర చీటీలున్నాయి, వెనక్కి లెక్క కట్టి చూశాను. 7 ఫ్యాట్ వచ్చే బర్రెకు మీ సూత్రంలో సీఎల్‌ఆర్ కాకుండా 2.19 కలుస్తుంది, వాళ్ల సూత్రంలో 1.76. తేడా 0.43. పాలు అవే, బర్రె అదే, 9 దాటాల్సిన ఎస్‌ఎన్‌ఎఫ్ 8.6 అయి కూర్చుంటుంది. బర్రె పాలకు 9 ఉండాలని నిబంధన పెట్టినవాళ్లు ఏ సూత్రంతో 9 రావాలో కూడా గోడకు రాసి పెట్టాలి కదా?

ల్యాబ్‌మామ
0.36 వాడేవాళ్లు ఉన్నారు, 0.66 వాడేవాళ్లూ ఉన్నారు. ఎవరి రేటు పట్టీ వాళ్ల సూత్రానికి సరిపడా కట్టుకుంటారు. ఒకరి సూత్రంతో ఇంకొకరి పట్టీ చదివితే తేడా రాకుండా ఎట్లా ఉంటుంది?

జమ్మికుంట_రైతు
ఆ పట్టీ మాకు ఎవరూ చూపించరు సార్. పది రోజులకోసారి డబ్బులు, చీటీ మీద రెండు అంకెలు, అంతే. సూత్రం అడిగితే "సాఫ్ట్‌వేర్‌లో ఉంది" అంటారు. సాఫ్ట్‌వేర్‌లోకి అంకెలు పెట్టింది మనిషే కదా.

నర్సంపేట_సెక్రటరీ
కేంద్రం నడిపేవాళ్లందరినీ దొంగలను చేయకండి. పొద్దున అయిదింటికి తలుపు తీస్తాను, ఎనిమిదిలోపు బండి వస్తుంది, ఆ మూడు గంటల్లో డెబ్బై శాంపిళ్లు. ఒక్కో గిన్నె చల్లార్చి, ఒక్కోదానికి థర్మామీటర్ పెట్టి చూసే టైం ఎవరికి ఉంది? లైన్లో నిలబడ్డ రైతే "తొందరగా కానీ" అని అరుస్తాడు, తర్వాత తనే వచ్చి లాక్టోమీటర్ డిగ్రీ తక్కువ వచ్చిందంటాడు.

చొప్పకట్ట
టైం లేకపోతే టైం లేదని చెప్పండి, నీళ్లు కలిపావని చెప్పకండి. రెండూ ఒకటి కాదు.

ల్యాబ్‌మామ
ఈయన చెప్పిన మే నెల సంగతిలో న్యాయం ఉంది. అప్పుడే పిండిన పాలలో గాలి ఉంటుంది, కొవ్వు ఇంకా గట్టిపడదు, అందుకని పాలు తేలిగ్గా ఉండి లాక్టోమీటర్ లోతుకు దిగుతుంది. కొన్ని గంటలు ఆగితే అవే పాలలో లాక్టోమీటర్ రీడింగ్ అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా పైకి వస్తుంది. దీనికి పుస్తకాల్లో రెక్నాగెల్ అని పేరు కూడా ఉంది. అన్ని గంటలు ఆగే వీలు లేకపోతే పాలను 40 డిగ్రీలకు వెచ్చబెట్టి, అయిదు నిమిషాలు ఉంచి, 27కు చల్లార్చి చూడాలి. ల్యాబులో మేం చేసింది అదే. 24 చూసి అక్కడికక్కడే నీళ్లని తేల్చడం నేను ఒప్పుకోను.

కుడితి_గోలెం
అన్నలూ, మీరంతా సూత్రం సూత్రం అంటున్నారు, ఫ్యాట్ ఎక్కడ పోతోందో ఎవరూ చూడట్లేదు. మాది హుజూరాబాద్ మండలం, మూడు ముర్రా బర్రెలు, పాలు నేనే పిండుతా. మొదటి ధారలు నీళ్లలా ఉంటాయి, కొసపాలు చేతికి అంటుకునేంత చిక్కగా ఉంటాయి. మా అత్తమ్మ ముందు నుంచీ కొసపాలన్నీ దుడ్డెకు వదిలేది. పోయిన ఏడాది నేను రెండు డబ్బాల్లో వేరుగా పట్టి కేంద్రంలో చూపించా, మొదటి డబ్బా ఫ్యాట్ 3 కూడా దాటలేదు, కొసది 10 దగ్గర ఉంది. అప్పటి నుంచి దుడ్డెకు ముందు చీపించి, మధ్యలో ఒక రొమ్ము వదిలి, కొస మాత్రం నేను పిండుతున్నా. ఫ్యాట్ 6 నుంచి 7కు వచ్చింది. దాణా పైసా పెంచలేదు.

చొప్పకట్ట
అక్కా, దుడ్డె నోటి దగ్గర కొసపాలు గుంజుకుంటే అది ఎదిగేదెట్లా? రేపటి బర్రె అదే కదా.

కుడితి_గోలెం
ఒక రొమ్ము మొత్తం దానికే వదిలానని రాశా కదా అన్నా, సరిగ్గా చదవండి. మా దుడ్డెలు మూడూ బతికి ఉన్నాయి, ఈ మాట ఎంతమంది చెప్పగలరు?

హన్మకొండ_టు_మెల్‌బోర్న్
మాది హన్మకొండ, ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఉంటున్నా. ఇక్కడ ఇంట్లో బీరు కాసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, ఆరేళ్లుగా కాస్తున్నా. పాల గురించి నాకు తెలియదు కానీ ఈ గ్రావిటీ (సాంద్రత) తలనొప్పి అచ్చం నాదే. మా హైడ్రోమీటర్లు, మీ లాక్టోమీటర్ లాంటివే, 20 డిగ్రీలకు కట్టి ఉంటాయి. బార్లీ నానబెట్టి తీసిన తీపి రసాన్ని 40 డిగ్రీల వేడి మీద చూస్తే 1.044 అంటుంది, చల్లారాక అదే రసం 1.050. రెసిపీ సాఫ్ట్‌వేర్‌లో ఉష్ణోగ్రత గడి ఉంటుంది, అది నింపకపోతే నీ దిగుబడి తక్కువని చూపిస్తుంది, నేను మొదటి ఏడాదంతా బార్లీ సరిగ్గా నలగలేదనుకుని మిల్లు మార్చాను. ఇంకోసారి హైడ్రోమీటర్ లోపలి కాగితం స్కేలే జారిపోయింది, బయటికి ఏమీ తెలియలేదు. రెండో హైడ్రోమీటర్ పక్కన పెట్టి చూస్తే రెండు పాయింట్లు తేడా. పరకాల అన్నా, మీరు కూడా ఇంకొకటి అరువు తెచ్చి అదే జాడీలో వేసి చూడండి.

నర్సంపేట_సెక్రటరీ
పాల గురించి మాట్లాడుతుంటే బీరు తెచ్చారు. ఆడవాళ్లు కూడా రాస్తున్న చోట ఇది అవసరమా?

కుడితి_గోలెం
నా పేరు చెప్పి ఆయన్ని తిట్టకండి. ఆయన చెప్పింది పనికొచ్చే మాట, కాగితం జారడం మా కేంద్రంలోనూ జరిగింది.

ల్యాబ్‌మామ
మెల్‌బోర్న్ అబ్బాయి చెప్పిన దాంట్లో ఒకటి గట్టిగా పట్టుకోండి. దిద్దుబాటు అంకె అన్నది దగ్గర దూరానికే. 27కు అటూ ఇటూ కొన్ని డిగ్రీల వరకు డిగ్రీకి 0.2 లెక్క నడుస్తుంది, 40 దాటిన పాలకు ఏ షీటూ పనికిరాదు, చల్లార్చాల్సిందే. ఇంకొకటి, కొన్ని లాక్టోమీటర్ల కాడ మీద 84 ఫారన్‌హీట్ అని ఉంటుంది, అది 29 సెంటీగ్రేడ్. దాన్ని 27 అనుకుని లెక్క కడితే మొదటే తేడా. మీరు గెర్బర్ ఎట్లా చేస్తున్నారో కూడా రాయండి. యాసిడ్ 10 మిల్లీలీటర్లు ముందు, తర్వాత పాలు 10.75 గోడ వెంబడి మెల్లగా, తర్వాత అమైల్ ఆల్కహాల్ 1. వరస తప్పి దబ్బున పోస్తే చేతిలోనే పొంగుతుంది. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన ఒక పిల్లవాడి మోచేయి కాలింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

జమ్మికుంట_రైతు
గెర్బర్ గురించి ఆయన అడగలేదు సార్, ఫ్యాట్ రెండింట్లో ఒకటే వస్తోందని రాశాడు. నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. 0.36 వాడేవాడు తన పట్టీని రైతుకు చూపించాలా వద్దా?

ల్యాబ్‌మామ
చూపించాలి. అందులో నాకు రెండో మాట లేదు. నేను పనిచేసినప్పుడు సూత్రం, పట్టీ రెండూ కేంద్రం గోడకు అతికించేవాళ్లం.

లెక్కల_టీచర్_భూపాలపల్లి
మొదటి పోస్టు మళ్లీ చదవండి, జవాబు అందులోనే ఉంది. ఎండాకాలం షీట్ తక్కువ చూపిస్తోంది, చలికాలం ఎక్కువ చూపించింది అని రాశాడు. సూత్రంలో 0.25, 0.44 తప్పయితే తేడా ఏడాదంతా ఒకే వైపు ఉండాలి. లాక్టోమీటర్ కాగితం జారినా అంతే. కాలంతో పాటు తేడా దిశ మారిందంటే వేడి దిద్దుబాటు గడిలో ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. వేడి పాలలో లాక్టోమీటర్ దిగుతుంది కాబట్టి కలపాలి, చల్లటి పాలకు తీసేయాలి. లెక్క చూడండి. పాలు 33, లాక్టోమీటర్ 27, ఆరు డిగ్రీల తేడాకు 1.2. కలిపితే సీఎల్‌ఆర్ 28.2, ఎస్‌ఎన్‌ఎఫ్ 7.05, 1.625, 0.44 కలిపి 9.115, మీ మిషను చెప్పిందీ అదే. తీసేస్తే సీఎల్‌ఆర్ 25.8, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.515, మీ షీట్ చెప్పింది అది. తమ్ముడూ, ఆ గడిలో 27 లోంచి పాల వేడి తీసేసినట్టు రాసి ఉంటావు. పాల వేడి లోంచి 27 తీసేయాలి.

పరకాల_పాలు
సార్, ఇప్పుడే తెరిచి చూశాను. మీరు చెప్పినట్టే ఉంది. బ్రాకెట్లో 27 ముందు పెట్టాను. తిప్పి రాయగానే 9.12 వచ్చింది. డిసెంబరు చీటీలు కూడా పెట్టి చూశా, 22 డిగ్రీల పాలకు ఒకటి తీసేయాల్సింది పోయి ఒకటి కలిపాను, అందుకే ఎస్‌ఎన్‌ఎఫ్ అర శాతం ఎక్కువ వచ్చింది. చొప్పకట్ట అన్న మొదట్లోనే అడిగారు, ఎంతమందికి కోశావని. ఏప్రిల్ నుంచి మిషను వచ్చేదాకా ఆ షీట్ ప్రకారమే డబ్బులిచ్చాను అన్నా. తెలిసి చేసింది కాదు, కానీ పోయింది వాళ్ల డబ్బే.

చొప్పకట్ట
చలికాలం ఎక్కువిచ్చింది అందులోంచి పట్టుకుంటావా?

పరకాల_పాలు
పట్టుకోను. అది నా తప్పు, నేనే భరిస్తాను. ఎండాకాలం కోసింది మాత్రం మనిషి మనిషికీ కట్టి ఇస్తాను, రీడింగులు, పాల వేడి రెండూ రిజిస్టర్లో ఉన్నాయి. సూత్రం కూడా రేపు గోడకు అతికిస్తాను, జమ్మికుంట అన్న చెప్పినట్టు.

నర్సంపేట_సెక్రటరీ
నా షీట్ కూడా తెరిచి చూశాను. నాది సరిగానే ఉంది, కానీ పాల వేడి గడిలో ఏడాదంతా 30 అనే కొట్టి ఉంది. రేపటి నుంచి కనీసం ప్రతి పది గిన్నెలకు ఒకసారి థర్మామీటర్ పెడతాను. లీటర్ల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. లీటర్లను 1.028తో గుణిస్తే కిలోలు వస్తాయి, అంటే సీఎల్‌ఆర్ 28 ఉన్నప్పుడు. 40 లీటర్ల క్యాను 41.12 కిలోలు. ఫ్యాట్ శాతం బరువు మీద లెక్క కాబట్టి ముందు కిలోలు చేసి, తర్వాత ఫ్యాట్‌తో గుణించాలి.

పరకాల_పాలు
థాంక్స్ అన్నా. మిషను గొట్టం కడగడం మాత్రం ఇంకా మిగిలింది. సాయంత్రం పాలయ్యాక వేడినీళ్లు తిప్పుతున్నా, అయినా మూడో రోజుకు లోపల తెల్లటి పొర కడుతోంది.

కుడితి_గోలెం
వట్టి నీళ్లతో పోదు తమ్ముడూ, కొవ్వు కదా. మా కేంద్రంలో మిషనుతో వచ్చిన సబ్బు మందు రోజూ తిప్పుతారు, వారానికోసారి ఆమ్లం మందు. రెండిటికీ మధ్య శుభ్రమైన నీళ్లు తిప్పాలి, ఒకదాని మీద ఒకటి పోయకూడదు.