అప్‌డేట్: స్కూలు ఆవరణలో గుడ్డ పందిరి, ఆకారం కుదిరింది

నేనడిగింది ఇదీ: నాలుగు స్తంభాల మధ్య 8 మీటర్ల చదరం గుడ్డ పందిరి రైనో అనే 3డి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ప్యాచ్ (అంచుల మధ్య ఉపరితలం పరిచే కమాండ్)తో గీస్తే రేకు పరిచినట్టు వస్తోంది, లాగి కట్టిన గుడ్డలా ఎలా తేవాలి అని. రైనోలోనే ఉండే గ్రాస్‌హాపర్‌లో కంగారూ (బలాలు పెట్టి ఆకారం వెతికే టూల్) వాడమన్నవాళ్లకు థాంక్స్, అదే పనిచేసింది.

సర్ఫేస్ (ఒకే నున్నటి ఉపరితలం) మానేసి మెష్ (చిన్న గళ్ల వల) తీసుకున్నా. మూలలకు యాంకర్లు (కదలకుండా పట్టే బిందువులు), లోపలి గీతలకు ఒక లాగే బలం, అంచు గీతలకు ఇంకాస్త ఎక్కువ బలం. ఎదురెదురు మూలలు రెండింటిని 4.5 మీటర్లకు లేపి, మిగతా రెండూ 3 దగ్గరే ఉంచగానే గుర్రపు జీనులా వంపు తిరిగింది. జర్మన్ ఆర్కిటెక్ట్ ఫ్రై ఒట్టో సబ్బు పొరలతో వెతికిన ఆకారాలు ఇప్పుడు స్లైడర్‌తో వచ్చేస్తున్నాయి, అదృష్టవంతులం!

అసలు తంటా అంచు దగ్గరే. బలం తగ్గిస్తే అంచు లోపలికి పీక్కుపోయి నీడ తగ్గుతుంది. పెంచితే అంచు తిన్నగా అవుతుంది గానీ అంచున ఉండే కేబుల్ మీద లాగుడు బాగా పెరుగుతుంది. అంచు వంపు లోతుని అంచు పొడవులో పదో వంతు దగ్గర ఆపా. మూలల ఎత్తు తేడా తగ్గిస్తే మధ్యలో చదునై వాన నీళ్లు నిలుస్తాయి, దాన్ని కదపలేదు.

కంగారూ ఇచ్చేది ఆకారమే. గాలి లెక్క స్ట్రక్చరల్ ఇంజనీరుకి పంపా. గుడ్డ ముక్కల కటింగ్ ప్యాటర్న్ ఇంకా మొదలెట్టలేదు.