జెడ్ = 3 లిఫ్షిట్జ్ సిద్ధాంతం: కటాఫ్ మారిస్తే లాగ్ గుణకం మూడో వంతుకు పడిపోతోంది, ఎందుకు?

నేనుండేది పర్లాకిమిడిలో. ఇక్కడ బల్లకి అటువైపు కూర్చుని లెక్క చూసిపెట్టేవాళ్లు లేరు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

3 స్థల దిశల్లో ఒక స్కేలార్ ఫీల్డు తీసుకున్నాను. చర్యలో కాలానికి 2 డెరివేటివ్‌లు, స్థలానికి 6, అంటే జెడ్ = 3 (స్థలాన్ని బి రెట్లు సాగదీస్తే కాలం బి ఘనం రెట్లు సాగుతుంది; ఇలా కాలం, స్థలం వేర్వేరుగా సాగేవే లిఫ్షిట్జ్ సిద్ధాంతాలు). 2009లో భౌతిక శాస్త్రవేత్త హొరావా గురుత్వాకర్షణకు వాడిన స్కేలింగే ఇది. ఫై వర్గాన్ని గ్రేడియంట్ ఫై వర్గంతో గుణించిన పదం కలిపి, సి వర్గానికి (కాంతివేగం స్థానంలో వచ్చేది) ఒక లూప్ సవరణ కడుతున్నా.

లూప్‌లో ఉన్నది 1 బై (ఒమేగా వర్గం + కె ఆరో ఘాతం + 1). ఒమేగా పౌనఃపున్యం, కె మొమెంటం; ద్రవ్యరాశి 1 అనుకున్నా.

మొదట ఒమేగాని మైనస్ అనంతం నుంచి అనంతం దాకా ఇంటిగ్రేట్ చేసి, కె మీద మాత్రమే ల్యామ్డా కటాఫ్ (ఇంటిగ్రేషన్ ఆపేసే పై హద్దు) పెట్టాను. ల్యామ్డా 10 రెట్లు పెరిగితే విలువ 7.23 పెరిగింది (కోణాల గుణకం వదిలేశా). తర్వాత మామూలు రిలేటివిస్టిక్ అలవాటు కొద్దీ, ఒమేగా వర్గం + కె వర్గం ల్యామ్డా వర్గం లోపే ఉండాలని పెట్టా. ఈసారి 2.41. సరిగ్గా మూడో వంతు!

సిమెట్రీ ఫ్యాక్టర్ రెండుసార్లు చూశాను. గ్రిడ్ సన్నగా చేసి, ల్యామ్డా 100 నుంచి 1000కి మళ్లీ నడిపాను. అంకె కదల్లేదు.

ఒక లూప్‌లో లాగ్ గుణకం (లాగ్ ల్యామ్డా ముందుండే అంకె) కటాఫ్ పద్ధతిని బట్టి మారకూడదు కదా. మరి సి వర్గం బీటా ఫంక్షన్‌కి (స్కేలు మారితే సి వర్గం ఎలా మారుతుందో చెప్పేది) ఈ రెండింటిలో ఏ గుణకం తీసుకోవాలి, ఎందుకు?