మునిగిన సబ్‌మెరైన్‌ని నేవీ మళ్ళీ వాడిందా?

ప్రశ్న: యుద్ధంలో మునిగిన సబ్‌మెరైన్‌ని పైకి తీసి పశ్చిమ జర్మనీ నేవీ వాడిందంట, పన్నెండేళ్ళు ఉప్పునీళ్ళలో ఉన్నదాన్ని ఎలా నమ్మారండీ?

జవాబు: నిజమేనండి. యూ-2540ని 1945 మేలో సొంత సిబ్బందే ముంచేశారు, 1957లో తీసి బాగుచేసి 1960లో విల్‌హెల్మ్ బాయర్ అని పేరు మార్చి నేవీలో చేర్చుకున్నారు, యుద్ధానికి కాదు, టెస్టింగ్‌కి.

ఇంకొకరు: కొత్తవి కట్టడం పదేళ్ళుగా ఆగిపోయింది కదా, ట్రైనింగ్‌కి ఏదో ఒకటి కావాలి, అందుకే 1956లో చిన్నవి రెండు కూడా తీశారు. వాటిలో యూ-హై 1966 సెప్టెంబర్‌లో నార్త్ సీలో మునిగి, ఉన్న 20 మందిలో 19 మంది చనిపోయారు. నాకైతే ఆ నిర్ణయానికి మనసొప్పదు.

ప్రశ్న అడిగినవారు: అయ్యో, 19 మందా! బాయర్ ఇప్పుడుందా?

జవాబు: ఉందండి, బ్రెమర్‌హావెన్‌లో మ్యూజియం, మన వైజాగ్ కురుసురలాగే లోపలికెళ్ళి చూడొచ్చు.