తోట మీదికి రాత్రిపూట వచ్చే డ్రోన్‌ను ఎలా ఎదుర్కోవాలి?

నల్లగొండకు దగ్గరలో మాకు ఆరెకరాల బత్తాయి తోట ఉంది. పదిహేను రోజులుగా రాత్రి తొమ్మిది దాటాక ఒక డ్రోన్ వచ్చి, బోరు మోటారు గది మీద ఆకులు కదిలేంత కిందికి దిగి, ఎర్ర దీపం మిణుకుమంటుండగా కాసేపు నిలిచి వెళ్ళిపోతోంది.

ఆన్‌లైన్‌లో జామర్ (డ్రోన్‌కు అందే రేడియో సంకేతాలను అడ్డుకునే పరికరం) తెప్పిద్దామని మా బావమరిది పట్టుబడుతున్నాడు. ప్రభుత్వ అనుమతి లేనిదే జామర్ వాడడం చట్టవిరుద్ధమని 2022లో కేంద్ర టెలికాం శాఖ స్పష్టం చేసింది. పైగా చాలా డ్రోన్లు వాడే 2.4, 5.8 గిగాహెర్ట్జ్ తరంగాల మీదే ఇళ్ళలోని వైఫై కూడా నడుస్తుంది కాబట్టి, మా జామర్ దెబ్బ ముందు పొరుగువారికే తగులుతుంది. పక్క చేలో మందు కొట్టే డ్రోన్ నిండు ట్యాంకుతో అదుపు తప్పితే, కింద ఉన్న కూలీల సంగతేమిటి?

రిమోట్ సంకేతం తెగితే చాలా డ్రోన్లు బయలుదేరిన చోటికే తిరిగి వెళ్తాయని, దారి ముందే నిర్దేశించి వదిలినవాటికి ఆ సంకేతంతో పనే లేదని చదివాను. మరి జీపీఎస్‌ను కూడా అడ్డుకోకుండా అలాంటివాటిని ఆపడం సాధ్యమేనా? తరంగాలు వెదజల్లకుండా, కేవలం విని డ్రోన్ వచ్చిన దిశను పసిగట్టే రిసీవర్‌ను రైతు పెట్టుకోవచ్చా? 2021 డ్రోన్ నియమాల ప్రకారం ఉండవలసిన గుర్తింపు సంఖ్య చీకట్లో ఫోన్ వీడియోకు చిక్కడం లేదు. పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలంటే ఇంకేం ఆధారాలు సేకరించాలో అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.