పెట్ట అరికాల్లో నల్లటి పక్కు, ఇంకోదానికి వంకర గోళ్ళు... కోసేయొచ్చా?

కావలి_మేడమీద:
అందరికీ నమస్తే. మేడ మీద నాలుగు నాటుకోళ్ళున్నాయి, కూరకి కాదు, పిల్లలు పేర్లు పెట్టుకుని ఎత్తుకు తిరుగుతుంటారు. వాటిలో బాగా బరువున్న ఎర్రపెట్ట కొన్నాళ్ళుగా ఎడమకాలు సరిగా ఆనించడం లేదు. ఎత్తి చూస్తే అరికాలి మధ్యలో నల్లటి పక్కు, చుట్టూ వాపు, చెయ్యి పెడితే వేడి. మా అత్తమ్మ ఆనెకాయ అంటోంది, పక్కింటాయనైతే కొత్త బ్లేడు తెచ్చి గీరేస్తే పోద్దంటున్నాడు. ఇంకో పెట్టకి గోళ్ళు పెరిగి పక్కకి తిరిగిపోయాయి. మూడోదానికి కాళ్ళ మీద పొలుసులు పైకి లేచి తెల్లగా పొట్టు రాలుతోంది. ఇదంతా ఒకటే జబ్బా? సిమెంటు నేల, రోజూ కడుగుతాం, కాబట్టి మురికి వల్ల అనుకోను. ఇంట్లో డైక్లోఫెనాక్ మాత్రలున్నాయి, చిన్న ముక్క వేస్తే నొప్పి తగ్గుతుందా? కోడిని పట్టుకుని ఆస్పత్రికి పోతే నవ్వుతారేమో అని అదో టెన్షన్.

చీమకుర్తి_పుంజు:
డైక్లోఫెనాక్ మాత్రం వద్దు అన్నా. మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది ఈ మందు వల్లే, ఇది వేసిన పశువులు చచ్చాక ఆ కళేబరాలు తిని. అందుకే 2006లో పశువుల వైద్యంలో దీన్ని నిషేధించారు. కోళ్ళకి కూడా కిడ్నీలు పోతాయి. నొప్పికి డాక్టర్లు మెలాక్సికామ్ ఇస్తారు, అదీ కోడి బరువు చూసి.

నల్ల పక్కుది ఆనెకాయ కాదు, బంబుల్‌ఫుట్ లాగుంది. అరికాల్లో చిన్న గాయమైతే అందులోంచి స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా లోపలికి పోయి గడ్డ కడుతుంది. మీ నేల శుభ్రంగానే ఉండొచ్చు గానీ గట్టి సిమెంటు, దాని మీద ఎప్పుడూ తడి, పైగా బరువైన పెట్ట ఎత్తు నుంచి ధబీమని దూకడం, ఈ మూడూ కలిస్తే చాలు. మా వైపు గ్రానైటు ముక్కల మీద తిరిగేవాటికీ, సర్కారు తుమ్మ ముల్లు గుచ్చుకున్నవాటికీ ఇదే చూస్తుంటాం. ముందు ముల్లేమైనా విరిగి లోపలుందేమో వెలుతురులో చూడండి.

వాపు కొద్దిగానే ఉంటే గోరువెచ్చని నీళ్ళలో ఎప్సమ్ సాల్ట్ వేసి పది పదిహేను నిమిషాలు కాలు నాననివ్వండి, తడి పూర్తిగా తుడిచి బెటాడిన్ రాసి, గాజుగుడ్డ పెట్టి పైన అంటుకునే పట్టీ చుట్టండి. మరీ బిగించొద్దు, వేళ్ళు చల్లబడినా ఉబ్బినా వెంటనే విప్పేయాలి. కట్టు రోజూ మార్చాలి. గ్లోవ్స్ వేసుకోండి, ఆ బాక్టీరియా మన చేతి గాయాలకీ అంటుకుంటుంది, పిల్లల్ని ఆ పెట్ట కాలు ముట్టనివ్వకండి.

నెల్లూరు_కోళ్ళగంప:
బ్లేడు మాట ఎత్తొద్దు. మనకి కురుపైతే చీము కారిపోతుంది, కోడికి అలా కాదు, లోపల జున్నుముక్కలా గట్టిపడి కూర్చుంటుంది, నొక్కితే రాదు. తొందరపడి కోస్తే రక్తం కారడమూ, చీము ఎముక దాకా పోవడమూ తప్ప లాభం లేదు. వాపు పెద్దదైనా, కీలు దాకా పాకినా, మేత మానేసినా డాక్టరే తీయాలి, తర్వాత యాంటీబయాటిక్ కూడా కావాలి. నవ్వుతారని మొహమాటపడకండి. మన రాష్ట్రంలో 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్యం వాళ్ళు మాట్లాడతారు, లేదంటే గంపలో పెట్టుకుని ఉదయాన్నే పశువుల ఆస్పత్రికి వెళ్ళండి. మందు వాడుతున్నప్పుడు ఆ పెట్ట గుడ్లు ఎన్నాళ్ళు తినకూడదో కూడా అక్కడే అడగండి, ఇది చాలామంది మర్చిపోతారు.

పొదిలి_పెరడు:
పొలుసులు లేచిన పెట్టది వేరే కథ, కంటికి కనపడని పురుగు పొలుసుల కింద దూరి కాపురం పెడుతుంది. మా నాయనమ్మ కిరసనాయిల్లో కాలు ముంచేది, పోయేది కూడా.

నెల్లూరు_కోళ్ళగంప:
పోవచ్చు అక్కా, కానీ కిరసనాయిలు చర్మాన్ని కాలుస్తుంది, కోడి ముక్కుతో పొడుచుకుంటే లోపలికీ పోతుంది. దాని బదులు కాళ్ళు గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక వాజలీన్ దట్టంగా పట్టిస్తే పురుగుకి ఊపిరాడదు. రెండు మూడు రోజులకోసారి రాస్తూ మూడు నాలుగు వారాలు ఆపకూడదు, ఎందుకంటే పొలుసుల కింద మళ్ళీ పుడుతుంటాయి. పొలుసులు పీకొద్దు, వాటంతటవే రాలతాయి. బాగా ముదిరితే ఐవర్‌మెక్టిన్ అనే మందు ఉంది, అది డాక్టర్ చెప్తేనే. ఒకదానికి ఉంటే మిగతావాటికీ పాకుతుంది కాబట్టి నాలుగింటికీ రాయండి, రాత్రి కూర్చునే కర్ర కూడా కడగండి.

చీమకుర్తి_పుంజు:
గోళ్ళ సంగతి నేను చెప్తా. మట్టిలో గీరుకునే కోడికి గోళ్ళు వాటంతటవే అరుగుతాయి, మేడ మీద గీరడానికేముంది? రాత్రి చీకటి పడ్డాక పట్టుకుంటే గింజుకోదు. ఇంకొకరు పట్టుకుంటే, టార్చి వెలుగులో తెల్ల గోరులో రక్తనాళం ఎర్రగా కనిపిస్తుంది, దానికి ఇవతలే చివర కొంచెం కత్తిరించండి. నల్ల గోరైతే కనపడదు కాబట్టి వారానికి ఓ చిన్న ముక్క చొప్పున, లేదా ఆకురాయితో రాయడమే మంచిది. రక్తం వస్తే మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) అద్ది గట్టిగా నొక్కి పట్టుకోండి, ఆగేదాకా మిగతావాటికి దూరంగా పెట్టండి, ఎర్రగా కనిపిస్తే పొడుస్తాయి.

కావలి_మేడమీద:
డైక్లోఫెనాక్ పారేశా. మేడ మీద ఏం పరచమంటారు? ఇసుకా ఊకా?

పొదిలి_పెరడు:
ఎండాకాలం ఇసుక కాలిపోద్ది. మీ దగ్గర రైస్ మిల్లుల్లో ఊక దొరుకుతుంది కదా, మందంగా పోసి తడిసిన చోటు తీసేస్తుండండి, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో. ఒక మూల తొట్టిలో మట్టి పోస్తే గీరుకుంటాయి, గోళ్ళూ అరుగుతాయి. కర్ర ఒకటిన్నర అడుగుకి మించి ఎత్తు పెట్టకండి, సన్నటి గుండ్రటి కర్ర కాకుండా రెండంగుళాల వెడల్పున్న చెక్క వేయండి, బరువు పెట్టకి అది హాయి.