‘ఎల్దమొస్తవా’ను ఎలా విడదీయాలి?

ప్రశ్న: ఉత్తరాంధ్ర ప్రజాకవి, గాయకుడు వంగపండు ప్రసాదరావు గారి ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’ పాట పల్లవిని కొందరు ‘ఎల్దం వస్తవా’ అని, కొందరు ‘ఎల్దమొస్తవా’ అని రాస్తున్నారు. ఏది సరైనది? యాస మాటే కదా, ఎలా రాసినా ఒకటేనా?

జవాబు: ఒకటి కాదండి. యాసకీ దాని వ్యాకరణం ఉంటుంది, ఈ ఒక్క మాట చాలు అది చూపించడానికి. ఉత్తరాంధ్ర పలుకుబడిలో మాట మొదట్లో వకారం తరచుగా జారిపోతుంది. వెళ్ళు ‘ఎల్లు’ అవుతుంది, వీడు ‘ఈడు’ అవుతాడు, వచ్చాడు ‘ఒచ్చాడు’ అవుతుంది. (వేరే జిల్లాల్లోనూ ఇది వినిపిస్తుంది, అది వేరే చర్చ.) అంటే ఇక్కడ రెండో మాట ‘వస్తవా’ కాదు, ‘ఒస్తవా’. వ పోయింది కాబట్టి అది అచ్చుతో మొదలైంది. ముందున్నది ‘ఎల్దము’. ఎల్దము + ఒస్తవా = ఎల్దమొస్తవా. బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి ‘ఉత్తున కచ్చు పరంబగునపుడు సంధియగు’ అన్న సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. అంటే ఉకారం తర్వాత అచ్చు వస్తే ఉకారం పోయి రెండు మాటలూ కలిసిపోతాయి, అదే ఉత్వ సంధి. ‘ఎల్దం వస్తవా’ అని రాస్తే ఆ సంధి పోతుంది, పాట నడకా పోతుంది.

నడక సంగతి ఇంకా బాగుంటుంది. శిష్ట రూపంలో ‘వెళ్దామొస్తావా’ అనండి. ఐదు అక్షరాలూ గురువులే (గురువుకి రెండు మాత్రల కాలం, లఘువుకి ఒకటి), పది మాత్రలు, కాళ్ళీడ్చినట్టు ఉంటుంది. ‘ఎల్దమొస్తవా’ అనండి: గురువు, లఘువు, గురువు, లఘువు, గురువు. ఎనిమిది మాత్రలు. యాసలో దీర్ఘాలు కురచ కావడం వల్లే ఆ ఎగుడుదిగుడు వచ్చింది. డప్పు మీద దెబ్బ ఎక్కడ పడాలో మాటే చెప్పేస్తోంది. ఈ పాటను ‘శుద్ధమైన’ తెలుగులోకి దిద్దుదాం అనేవాళ్ళు ఒకసారి పైకి పాడి చూడాలి.

అర్థం కూడా చూడండి. ‘వస్తావా?’ అని ముందు అడిగి, అవునన్నాక ‘వెళ్దాం’ అనలేదు. ముందే ‘వెళ్దాం’ అనేశాడు. ‘-దాం’లో ఉన్నది ‘మనం’, ‘మేం’ కాదు. ఎదుటి మనిషిని కలుపుకున్న తర్వాతే వస్తావా అని అడుగుతున్నాడు. శ్రీకాకుళం గిరిజన రైతాంగ ఉద్యమం నేపథ్యంలో వచ్చిన పాట ఇది. పిలుపులోనే తోడు ఉంది.

మరో సభ్యురాలు: మాది విశాఖ, సింధియా దగ్గర. ఇక్కడ వంగపండు గారంటే ముందు గుర్తొచ్చేది ‘యంత్రమెట్లా నడుస్తు ఉందంటే’. ఆయన షిప్‌యార్డులో పనిచేసినవారే కదా. ఊరి పాట ఫ్యాక్టరీలోకి ఎలా వచ్చిందో ఎవరైనా మాట్లాడండి.

జవాబు: మంచి పాట గుర్తు చేశారమ్మా. మీ సింధియా పేరే ఒక చరిత్ర. 1941లో సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అక్కడ ఓడల కార్ఖానా మొదలుపెట్టింది, 1948లో అక్కడ కట్టిన ‘జల ఉష’ ఓడను నెహ్రూ జలప్రవేశం చేయించారు, 1952లో అది హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. కంపెనీ వెళ్ళిపోయినా పేటకి ఆ పేరు నిలిచింది. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ఆ యార్డుకి ఉద్యోగానికి వచ్చారు, తన యాసను ఊళ్ళో వదిలేసి రాలేదు.

ఇక ఆ పల్లవి. ‘యంత్రము + ఎట్లా’, పైన చెప్పుకున్న ఉత్వ సంధే! ఒకటి సంస్కృత పదం, ఇంకొకటి పల్లె మాట, రెంటినీ ఒకే సూత్రం కలుపుతోంది. కానీ నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైనది చివరి ‘అంటే’. ‘యంత్రం ఎట్లా నడుస్తోంది?’ అని ఆపితే అది ప్రశ్న, జవాబు ఎవరైనా చెప్పాలి. ‘ఉందంటే’ అనగానే పాడేవాడే విప్పి చెప్పబోతున్నాడని తెలిసిపోతుంది. ‘ఎందుకంటే’, ‘ఎలాగంటే’ అని మనం రోజూ వాడే ఎత్తుగడ. కథ చెప్పేవాళ్ళు జనాన్ని కూర్చోబెట్టేది దీంతోనే. యంత్రం ఎలా నడుస్తుందో చెప్పే హక్కు దాన్ని నడిపే కార్మికుడిదే అన్న ధీమా ఆ ‘అంటే’లో ఉంది. ఇంజనీరునో మేనేజరునో అడగలేదు.

‘నడుస్తూ’ కాకుండా ‘నడుస్తు’ అని కురచ చేయడం కూడా గమనించండి. ఇదీ లయ కోసమే.

సభ్యురాలు: ‘ఎట్లా’నా, ‘ఎట్టా’నా? రెండూ రాస్తున్నారు.

జవాబు: రెండు రూపాలూ అచ్చులో కనిపిస్తున్నాయి. పాత కేసెట్లు, సభల రికార్డింగులు ఉన్నవాళ్ళు ఆయన గొంతులో ఏది వినిపిస్తోందో రాయండి. దీన్ని తేల్చాల్సింది చెవే, ఆయన 2020 ఆగస్టులో మనల్ని విడిచి వెళ్ళారు కాబట్టి అడగడానికి లేదు. మీ పేటలో ఆయనతో పనిచేసిన పెద్దలు ఎవరైనా ఉంటే, వాళ్ళ చేత ఆ పల్లవి ఒకసారి పాడించి ఇక్కడ పెట్టండమ్మా.