అడ్వెంట్ రోజువారీ ధ్యానం: తొమ్మిదో రోజుకే మాటలు అయిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న

అందరికీ వందనాలు. మా ప్రార్థన బృందంలో నలభై మందిమి ఉన్నాం. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో (అడ్వెంట్) రోజూ ఆనాటి బైబిలు పఠనం మీద ఐదారు వాక్యాల ధ్యానం రాసి, తెల్లవారేసరికి అందరికీ పంపే పని పోయిన ఏడాది నాకు అప్పగించారు. మొదటి వారం ఉత్సాహంగానే నడిచింది. తొమ్మిదో రోజుకు మాటలు అయిపోయాయి. రాసినవన్నీ వరుసగా చదువుకుంటే సిగ్గేసింది. తొమ్మిదింటిలో ఏడు "కాబట్టి మన హృదయాలను సిద్ధపరచుకుందాం" అనే ముగిశాయి. ఆ తరువాత నాకు ఎవరెవరో పంపినవాటినే ఇటు తిప్పి పంపుతూ పండుగ దాకా నెట్టుకొచ్చాను. ఎవరూ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టి ఉంటే బాగుండేదేమో.

ఈ ఏడాదీ నాకే ఇచ్చారు. 2026లో మొదటి ఆదివారం నవంబరు 29. అక్కడి నుంచి డిసెంబరు 24 దాకా లెక్కేస్తే 26 రోజులు. నేను నర్సును, నెలలో సగం రాత్రి డ్యూటీలే. పునరుక్తి లేకుండా రాయడం ఎలాగన్నది నా అసలు సందేహం. దానితో పాటు ఇంకొకటి: మొదటి ఆదివారం పఠనం ఏ ఏడాది చూసినా లోకాంతం గురించే ఉంటుంది. శిశువు పుట్టుకకు సిద్ధపడే కాలం అలా ఎందుకు మొదలవుతుందో ఇప్పటికీ అర్థం కాలేదు. డ్యూటీ వల్ల ఒకటి రెండు రోజులు తప్పిపోతే తరువాత కలిపి పంపవచ్చా అన్నది కూడా చెప్పండి.

స్పందన: ఒక సభ్యుడు

సోదరీ, ఇంత శ్రమ ఎందుకు? ధ్యానాల పుస్తకాలు దొరుకుతాయి. రోజుకో పేజీ ఫొటో తీసి పంపండి. చదివేవారు చదువుతారు.

స్పందన: విశ్రాంత ఉపదేశి

పై సోదరుడి సలహా తప్పని అనను. కానీ ఈ అమ్మాయి అడిగింది అది కాదు. పోయిన ఏడాది చేసింది అదే, దానికే బాధపడుతోంది.

అమ్మా, ఉపదేశిగా నేనూ చాలా ఏళ్లు ఈ పని చేశాను. మొదట్లో నాకూ తొమ్మిదో రోజే వచ్చేది. కారణం ఏమిటంటే, మనం వాక్యం చదవకముందే ముగింపు సిద్ధంగా పెట్టుకుంటాం. అడ్వెంట్ కదా, చివరికి "సిద్ధపడదాం" అనాలి అని ముందే తెలుసు. ఇక వాక్యం మధ్యలో దారి చూపే బోర్డు మాత్రమే అవుతుంది.

ఉదాహరణకు యెషయా 2:4 తీసుకోండి. మొదటి సోమవారం పఠనం. ఖడ్గాలను నాగటి నక్కులుగా, ఈటెలను మచ్చుకత్తులుగా చేస్తారన్న మాట. సాధారణంగా మనం ఏం రాస్తాం? "యుద్ధాలు పోవాలి, శాంతి రావాలి." అది వాక్యం చదవకపోయినా రాయగలం. నా దగ్గరున్న పాత అనువాదంలో అక్కడ క్రియ "సాగగొట్టుదురు" అని ఉంది. ఆ ఒక్క మాట దగ్గర ఆగండి. సాగగొట్టాలంటే ఇనుమును ఎర్రగా కాల్చాలి, దిమ్మె మీద పెట్టి సుత్తితో కొట్టాలి. ఖడ్గాన్ని పారేసి కొత్త నాగలి కొనుక్కోమని ప్రవక్త అనలేదు. అదే ఇనుము. నిన్న మనిషిని పొడిచిన ఇనుమే రేపు నేల దున్నుతుంది. ఇప్పుడు మీలో ఏ ఇనుము ఉందో, అది ఏ పనికి వాడుతున్నారో రాయడానికి ఐదు వాక్యాలు చాలవు.

కాబట్టి ముందు రోజే పఠనాన్ని పైకి వినబడేలా రెండుసార్లు చదవండి. క్రియల కింద గీతలు పెట్టండి. ఏ వేళ జరిగింది, ఎక్కడ, ఎవరు నిలబడ్డారు, ఎవరు మాట్లాడలేదు అన్నది చూడండి. ఒక్కటి చాలు. మిగిలినవి వదిలేయండి, ఎంత గొప్పవైనా సరే. రాసిన తరువాత పైనున్న వచన సంఖ్యను చేత్తో మూసి చదవండి. ఏ వాక్యం మీద రాశారో కింది మాటలను బట్టి పోల్చుకోగలిగితే పంపండి. బైబిల్లో ఏ వచనానికైనా అతికేలా ఉంటే మళ్లీ రాయండి. ఈ పరీక్షలో నావి సగం పోయేవి, ఇప్పటికీ పోతాయి.

లోకాంతం సంగతి. అడ్వెంట్ అన్న మాట లాటిన్‌లోని ఆద్వెంతుస్ నుంచి వచ్చింది, రాక అని అర్థం. ఈ కాలం చూసేది ఒక్క రాక వైపు కాదు. డిసెంబరు 16 దాకా పఠనాల చూపు ప్రధానంగా ప్రభువు రెండవ రాకడ మీద ఉంటుంది. 17 నుంచి 24 దాకా సూటిగా బెత్లెహేము వైపు తిరుగుతుంది. అందుకే మొదటి ఆదివారం పశువుల తొట్టి కనబడదు. 12వ శతాబ్దపు పునీత బెర్నార్డు తన ఆగమన ప్రసంగాల్లో మూడు రాకడలు చెప్పాడు: శరీరధారిగా వచ్చినది, మహిమతో రాబోయేది, ఈ రెండింటి నడుమ కంటికి కనబడకుండా మనిషి లోపలికి జరిగేది. మీరు రోజూ రాసేది ఆ మూడోదాని గురించే అనుకోండి. మొదటి రోజే శిశువును తెచ్చి తొట్టిలో పడుకోబెడితే మిగిలిన 25 రోజులు మీకు పని ఉండదు. పోయిన ఏడాది జరిగింది కొంత ఇదేనని నా అనుమానం.

తప్పిన రోజులను తప్పిపోనివ్వండి. కలిపి పంపితే ఎవరూ చదవరు. ఏ రోజుది ఆ రోజే.

స్పందన: బృంద గాన నిర్వాహకురాలు

ఉపదేశి గారూ, చిన్న సవరణ. ఈ ఏడాది మొదటి సోమవారం నవంబరు 30. అది పునీత అంద్రెయ పండుగ. ఆ రోజు పూజలో యెషయా 2 రాదు. రోమీయులకు రాసిన లేఖ 10వ అధ్యాయం, మత్తయి 4:18-22 చదువుతారు. అలాగే డిసెంబరు 8 మంగళవారం నిష్కళంక మాత పండుగ, దానికి వేరే పఠనాలు. అక్కా, మీరు ముందే క్యాలెండరు పక్కన పెట్టుకుని 26 రోజుల పఠనాలూ ఒక కాగితం మీద రాసుకోండి. లేకపోతే మీరు ఒకటి పంపుతారు, గుడిలో ఇంకొకటి చదువుతారు. నాకు పాటల ఎంపికలో ఒకసారి అలాగే అయింది.

స్పందన: విశ్రాంత ఉపదేశి

నిజమే, పొరపాటు నాది. తేదీ చూడకుండా అలవాటు కొద్దీ చెప్పాను. మత్తయి 4లోనూ చూడడానికి ఉంది. పేతురు, అంద్రెయ వల వేస్తున్నారు. యాకోబు, యోహాను వలలు బాగుచేసుకుంటున్నారు. ఇద్దరిని పని మధ్యలో పిలిచాడు, ఇద్దరిని మరమ్మతు మధ్యలో.

స్పందన: మరొక సభ్యుడు

మా సంఘంలో ఇలా రోజుకో పఠనం నిర్ణయించే పద్ధతి లేదు. లూకా సువార్తలో 24 అధ్యాయాలు ఉన్నాయి కాబట్టి డిసెంబరు 1 నుంచి రోజుకో అధ్యాయం చదివితే 24కు సువార్త మొత్తం అయిపోతుందని ఒకరు చెప్పారు. ధ్యానానికి అది మంచిదేనా?

స్పందన: బృంద గాన నిర్వాహకురాలు

సువార్త మొత్తం చదవడానికి చక్కటి పద్ధతి అన్నయ్యా, నేనూ ఒక ఏడాది చేశాను. ధ్యానానికి మాత్రం బరువెక్కువ. లూకా మొదటి అధ్యాయమే 80 వచనాలు. పైగా రెండో తేదీకే యేసు పుట్టేస్తాడు, గొర్రెల కాపరులు వచ్చి వెళ్లిపోతారు. క్రిస్మస్ ముందురోజు మీరు పునరుత్థానం తరువాతి ఎమ్మాయు దారిలో ఉంటారు. నాకైతే లూకా మొదటి రెండు అధ్యాయాలే తీసుకోవడం నయమనిపిస్తుంది. 80, 52 కలిపితే 132 వచనాలు. 24 రోజులకు పంచితే రోజుకు ఐదున్నర. మధ్యలో తెగకుండా చూసుకుంటే ఒకరోజు నాలుగు, ఒకరోజు ఎనిమిది వస్తాయి. యెషయా ఇష్టమైతే 40వ అధ్యాయం నుంచి మొదలుపెట్టండి.

ప్రశ్న అడిగినవారు

ఇంత విపులంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. అక్క చెప్పినట్టు కాగితం మీద రాసుకుంటే రెండు చిక్కులు కనబడ్డాయి. డిసెంబరు 8న లూకా 1:26-38, మంగళవార్త, అంటే దూత మరియకు యేసు పుట్టుక గురించి చెప్పే భాగం. మళ్లీ 20న నాలుగో ఆదివారం కూడా అదే భాగం. పన్నెండు రోజుల తేడాతో ఒకే దాని మీద రెండుసార్లు ఏం రాయను? రెండోది 17న వచ్చే మత్తయి వంశావళి. పేర్లు తప్ప ఏమీ లేవు. చదివేవారికీ గండమే, వినేవారికీ గండమే.

స్పందన: విశ్రాంత ఉపదేశి

మంగళవార్తకు జత ఎవరో చూడండి. 8న మొదటి పఠనం ఆదికాండం 3. "నీవు ఎక్కడ ఉన్నావు?" అని దేవుడు అడిగితే ఆదాము చెట్ల చాటున దాక్కున్నాడు. అదే రోజు సువిశేషంలో (సువార్త పఠనంలో) మరియ "ఇదిగో" అంటుంది. ప్రశ్న ఒక పఠనంలో, జవాబు ఇంకో పఠనంలో. 20న మొదటి పఠనం రెండవ సమూయేలు 7. దేవునికి ఇల్లు కడతానని దావీదు ముచ్చటపడితే, నాకు నువ్వు కాదు, నీకే నేను వంశాన్ని నిలుపుతానని దేవుడు మాట ఇస్తాడు. ఆ మాట వచ్చి ఒక పల్లెటూరి అమ్మాయి ముందు నిలబడింది. సువిశేషం ఒకటే, పక్కనున్న పఠనం మారితే వేరే వెలుగులో కనబడుతుంది. అప్పటికీ ఏమీ తోచకపోతే ఆ భాగంలో ఆఖరి మాట మీద రాయండి: దూత ఆమె దగ్గర నుంచి వెళ్లిపోయాడు. దాని మీద ఎవరూ మాట్లాడరు. తరువాత యోసేపుకు చెప్పుకోవలసిందీ, ఊరిని ఎదుర్కోవలసిందీ ఆమె ఒక్కతే.

వంశావళి నాకు ఇష్టమైన పఠనం, నవ్వకండి. మత్తయి 14 తరాల చొప్పున మూడు వరుసలు కట్టాడు. అందులో తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య, మరియ, ఈ అయిదుగురు స్త్రీలు ఉన్నారు. బత్షెబ పేరు ఆయనకు తెలియక కాదు. "ఊరియా భార్య" అనే రాశాడు. ఊరియాను చంపించి అతని భార్యను దావీదు తీసుకున్న పని రాజవంశపు పట్టికలోనే శాశ్వతంగా ఉండిపోయింది, చెరపలేదు. ఇంకా దగ్గరగా చూస్తే, పాత అనువాదంలో అబ్రాహాము మొదలుకొని అందరికీ "కనెను, కనెను" అంటూ వస్తుంది. యోసేపు దగ్గరికి రాగానే ఆ వరుస తెగుతుంది. మరియ భర్త అని చెప్పి, "ఆమెయందు" యేసు "పుట్టెను" అంటాడు. ఒక్క క్రియ మార్చి చెప్పవలసింది చెప్పేశాడు. పేర్లలో మీకు పలకడం కష్టమైన ఒక్కరిని ఎంచుకుని, అతని గురించి బైబిల్లో ఇంకేమీ లేకపోతే అదే రాయండి.

స్పందన: బృంద గాన నిర్వాహకురాలు

అక్కా, 17 నుంచి 23 దాకా మీకు రాత్రి డ్యూటీలు పడితే ఇంకో ఊతం ఉంది. ఆ ఏడు సాయంత్రాలూ సాయంకాల ప్రార్థనలో మరియ గీతానికి ముందు ఒక్కో పిలుపు పాడతారు: జ్ఞానమా, అదొనాయీ, యెష్షయి వేరూ, దావీదు తాళపుచెవీ, ఉదయకాంతీ, జనముల రాజా, ఇమ్మానుయేలూ. లాటిన్‌లో ఈ ఏడు బిరుదుల మొదటి అక్షరాలను చివరి నుంచి వెనక్కి చదివితే "ఎరో క్రాస్" అని వస్తుంది, "రేపు ఉంటాను" అని. రాయడానికి ఓపిక లేని రోజు ఆనాటి పిలుపు ఒక్కటి, దాని కింద ఒక్క వాక్యం ప్రార్థన పంపండి. నలభై మందీ ఆ రోజు నిజంగానే చదువుతారు, చిన్నది కాబట్టి.

ప్రశ్న అడిగినవారు

రాత్రి డ్యూటీలో కూర్చుని మొదటి ఆదివారానిది రాశాను, మార్కు 13:33-37. ఉపదేశి గారూ, మొహమాటం లేకుండా చెప్పండి.

"ఇంటి యజమాని ఎప్పుడు వస్తాడో తెలియదంటూ యేసు నాలుగు వేళలు చెప్పాడు: సాయంకాలం, అర్ధరాత్రి, కోడి కూసే వేళ, తెల్లవారే వేళ. మిట్టమధ్యాహ్నం మాటే లేదు. మా వార్డులో రాత్రి మూడింటికి అందరూ నిద్రపోతారు. కళ్లు మండుతుంటాయి, గడియారం కదలదు. ఆ వేళ మెలకువగా ఉండడమంటే పెద్ద పని చేయడమేమీ కాదు, ఎవరైనా పిలిస్తే వినబడే దూరంలో ఉండడం. ద్వారపాలకుడికి అప్పగించిన పనీ అంతే. కాబట్టి మనమందరం మన హృదయాలను సిద్ధపరచుకుందాం."

స్పందన: విశ్రాంత ఉపదేశి

చివరి వాక్యం కొట్టేసి పంపండి. మిగతాదానిలో అక్షరం మార్చవద్దు.

ఒకటి మాత్రం మీ నోటు పుస్తకంలో రాసి దాచుకోండి, ఇందులో ఇరికించకండి. మార్కులోనే తరువాతి అధ్యాయాలు తిరగేస్తే ఆ నాలుగు వేళలూ వరుసగా వస్తాయి. సాయంకాలం భోజనం, ఆ రాత్రే గెత్సేమనేలో నిద్రపోయిన శిష్యులు, కోడి కూసినప్పుడు యేసును ఎరుగనన్న పేతురు, తెల్లవారగానే పిలాతు. 2027 మార్చి 21, ఈస్టర్‌కు ముందొచ్చే మ్రానికొమ్మల ఆదివారం చదివేది మార్కు రాసిన శ్రమల చరిత్రే. అప్పుడూ మీకే అప్పగిస్తారని నాకు గట్టి నమ్మకం.

ప్రశ్న అడిగినవారు

కొట్టేశాను. చేతికి ఎంత అలవాటైపోయిందో, రాసినట్టు కూడా గుర్తులేదు. ఈ రాత్రి వలల సంగతి మొదలుపెడుతున్నాను. ఉపదేశి గారూ, బాగుచేసుకుంటున్న వలను సగంలో వదిలేసి వెళ్లారు కదా, మిగతాది ఎవరు పూర్తి చేసి ఉంటారు? మార్కు 1:20లో తండ్రి జెబెదయి పడవలో కూలివాళ్లతో ఉండిపోయాడని ఉంది. ఆయన మీద రాయవచ్చా?

స్పందన: విశ్రాంత ఉపదేశి

రాయండి. మత్తయిలో కూలివాళ్లు లేరు, పడవలో తండ్రి ఉన్నాడు. ఆ రోజు సువిశేషం మత్తయిది కాబట్టి ఆయనను ఒక్కడినే ఉంచండి.